మావాడికి అందరి ముఖాల్లో కోపమే కనిపిస్తోందట. మెదడు స్కాన్ తీయిస్తే తెలుస్తుందా?

బాలాజీకాలనీ_అమ్మ
మావాడికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, హాస్టల్లో ఉంటాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. రాత్రంతా మేలుకునే ఉంటాడు. క్రికెట్ అంటే పడి చచ్చేవాడు, ఇప్పుడు స్కోరు కూడా అడగడం లేదు. లాప్‌టాప్ కెమెరా మీద ప్లాస్టర్ అతికించాడు. మెస్‌లో వడ్డించే అన్న తనను చూసి పళ్లు కొరుకుతున్నాడంటాడు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తోందని రెండు మూడు సార్లు చెప్పాడు.
నిన్న డాబా మీద పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. ఆమె మావైపు ఒకసారి చూసి మళ్లీ తన పని చూసుకుంది. అంతే. వీడు నా చెయ్యి పట్టుకుని "ఆంటీకి నామీద ఎందుకమ్మా అంత కోపం" అన్నాడు. చెయ్యి వణుకుతోంది. నేను పక్కనే ఉన్నాను, ఆమె ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు.
టీనేజ్ పిల్లల మెదడు భావోద్వేగాలకు ఎలా స్పందిస్తుందో స్కాన్‌లో చూసి సైకోసిస్‌ను ముందే పసిగట్టవచ్చని ఎక్కడో చదివాను. సైకోసిస్ అంటే లేనివి వినిపించడం, కనిపించడం, లేని అనుమానాలు నిజమని గట్టిగా నమ్మడమట. ఒక స్కానింగ్ సెంటర్‌కు ఫోన్ చేస్తే బ్రెయిన్ ఎంఆర్‌ఐ తీస్తాం రండి అన్నారు. మా ఆయన పరీక్షలు అయ్యేదాకా ఆగుదామంటున్నారు. మా మరిది గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దామంటున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. స్కాన్ తీయించమంటారా?

మదనపల్లె_టమోటా
ముందు ఆ ఫోన్ లాక్కోండి. రాత్రంతా రీల్స్ చూస్తే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. మా కాలంలో ఈ జబ్బుల పేర్లే వినలేదు.

గిరింపేట_టీచర్
@మదనపల్లె_టమోటా మీ కాలంలోనూ ఉండేవండీ. ఊరికొకరు చెట్టు కింద తమలో తాము మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు, మనం పిచ్చోడని పేరు పెట్టి వదిలేశాం. వాళ్లకూ ఒకప్పుడు 17 ఏళ్లే కదా. ఫోన్ వల్ల నిద్ర చెడుతుంది, నిజమే. కానీ ఈ అమ్మ చెప్పినవన్నీ ఫోన్ తీసేస్తే పోయేవి కావు.

పుత్తూరు_కట్టు
ఎముక విరిగితే మా ఊరికి రండి, కట్టు కట్టి పంపిస్తాం. మనసు సంగతికి మాత్రం సైకియాట్రిస్ట్ దగ్గరికే పొండి అక్కా. పరీక్షలదాకా ఆగొద్దు.

మెదడు_పీజీ
నేను మెడికల్ పీజీని. స్కాన్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.
మీరు చదివిన పరిశోధనలు ఉన్న మాట వాస్తవమే. వాటిలో వాడేది ఫంక్షనల్ ఎంఆర్‌ఐ. పిల్లవాణ్ని స్కానర్లో పడుకోబెట్టి తెర మీద ముఖాలు చూపిస్తారు: నవ్వేది, కోపంగా ఉన్నది, భయపడ్డది, ఏ భావమూ లేనిది. అది ఏ భావమో బటన్ నొక్కి చెప్పాలి. ఆ సమయంలో మెదడులో ఏ భాగానికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతోందో యంత్రం కొలుస్తుంది. ఇందులో అందరూ చూసేది అమిగ్డలా. కణతల లోపలివైపు రెండు పక్కలా బాదం గింజంత ఉంటుంది. ఎదురుగా ఉన్నది ముఖ్యమైనదా, ప్రమాదమా అన్నది చాలా త్వరగా తేల్చే పనిలో దానికి పెద్ద వాటా ఉంది.
అమెరికాలో ఫిలడెల్ఫియాలో 8 నుంచి 21 ఏళ్ల పిల్లలు, యువకుల్ని వేల సంఖ్యలో పరీక్షించారు. వారిలో సైకోసిస్ ఛాయలున్న పిల్లల స్కాన్లను మామూలు పిల్లల స్కాన్లతో పోల్చి 2015లో ఒక పేపర్ వేశారు. బెదిరింపుగా ఉండే ముఖాలు చూసినప్పుడు ఆ పిల్లల అమిగ్డలా ఎక్కువగా స్పందించింది. విషయాలను కాసేపు గుర్తు పెట్టుకుని పని చేసే పరీక్షలో మాత్రం వాళ్ల మెదడు ముందు భాగం తక్కువగా పని చేసింది. స్కిజోఫ్రీనియా (సైకోసిస్ లక్షణాలు చాలాకాలం ఉండే జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో ఇంకో సంగతి చూశారు. ఏ భావమూ లేని ముఖానికి కూడా అమిగ్డలా గట్టిగా స్పందిస్తుంది. అందువల్ల భయపెట్టే ముఖానికీ మామూలు ముఖానికీ మధ్య ఉండాల్సిన తేడా తగ్గిపోతుంది. పక్కింటావిడ ముఖం గురించి మీరు రాసింది చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.
ఇక అసలు మాట. ఇవన్నీ సగటులు. మగవాళ్లు సగటున ఆడవాళ్లకంటే పొడుగే, అలాగని ఎత్తు ఒక్కటే చెప్పి ఆ మనిషి ఆడో మగో తేల్చమంటే ఎవరూ తేల్చలేరు. ఇదీ అంతే. ఒక్క పిల్లవాడి స్కాన్ చూసి "వీడికి సైకోసిస్ వస్తుంది" అని చెప్పగలిగిన డాక్టర్ ఈ రోజుకి ఎక్కడా లేడు. పైగా స్కానింగ్ సెంటర్లో తీసే మామూలు ఎంఆర్‌ఐ ముఖాలకు మెదడు స్పందనను కొలవదు. అది గడ్డ, వాపు, రక్తస్రావం లాంటివి చూడటానికి. అవి లేవని నిర్ధారించుకోవాలనిపిస్తే డాక్టరే రాస్తారు. అనవసరంగా వేలకు వేలు పోయకండి.

పలమనేరు_పాలు
అన్నా, మరి ఆ పరిశోధనల వల్ల ఉపయోగం ఏంటి? కోట్లు పెట్టి తీసిన స్కాన్ మా పిల్లోడికి పనికిరాకపోతే ఎందుకు?

మెదడు_పీజీ
@పలమనేరు_పాలు జబ్బు ఎలా పుడుతుందో అర్థం కావడానికి. 2003లో శితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్ట్ ఒక వ్యాసం రాశాడు, మేమందరం చదువుతాం. డోపమిన్ అనే రసాయనం మన చుట్టూ ఉన్నవాటిలో "ఇది గమనించు" అని ముఖ్యమైనవాటికి గుర్తు పెడుతుంది. సైకోసిస్‌లో ఆ గుర్తు అడ్డదిడ్డంగా పడుతుంది. బస్సు నంబరు, ఎవరో దగ్గడం, ఆంటీ చూపు, అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. అలా అనిపించాక మనిషి ఊరుకోలేడు, కారణం వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలోంచే "నన్ను వెంటాడుతున్నారు" అన్న నమ్మకం పుడుతుంది. మందులు డోపమిన్ మీద పని చేసి ఆ గుర్తులు పడటాన్ని తగ్గిస్తాయి. ఇది ఆయన వాదన, దీన్ని సవరించినవాళ్లూ ఉన్నారు. కానీ అమ్మానాన్నలకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి వివరణ దొరకలేదు.

రేణిగుంట_రైలు
నేను ఆ పిల్లోడి స్థానంలో ఉండి వచ్చినవాణ్ని, కాబట్టి రాస్తున్నా. పీజీ గారు చెప్పింది అక్షరాలా నిజం.
నాకు 18 ఉన్నప్పుడు మొదలైంది. రేణిగుంట నుంచి తిరుపతికి బస్సులో కాలేజీకి వెళ్లేవాణ్ని. ఒకరోజు కండక్టర్ చిల్లర ఇస్తూ నా ముఖంలోకి చూశాడు. రోజూ చూసే మనిషే. ఆ రోజు మాత్రం ఆ చూపులో ఏదో ఉంది, ఈయనకు నా సంగతి తెలుసు అనిపించింది. ఏ సంగతి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. గుండె దడదడలాడింది, అరచేతుల్లో చెమటలు. తర్వాతి స్టాపులోనే దిగిపోయాను. టికెట్ మీద నంబర్లు కూడా నాకోసమే వేశారనిపించి ఆ టికెట్లన్నీ దాచుకునేవాణ్ని. పుస్తకం మధ్యలో పెట్టి, తారీఖుల వారీగా.
మొదట్లో నాకే అనుమానం ఉండేది: "ఇదంతా నా భ్రమేమో" అని. ఆ అనుమానం ఉన్నన్నాళ్లూ మనిషి చేతికి అందుతాడు. పోనుపోను అది పోయింది. అప్పుడు ఎవరేం చెప్పినా వినలేదు. నాకు వైద్యం మొదలైంది ఆ తర్వాతే. అమ్మా, మీవాడు ఇంకా మీ చెయ్యి పట్టుకుని అడుగుతున్నాడు. అంటే ఇంకా అందుతున్నాడు. పరీక్షలంటారా, సప్లిమెంటరీ ఉంది.

బాలాజీకాలనీ_అమ్మ
@రేణిగుంట_రైలు నీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, కానీ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు ఎలా ఉన్నావు నాయనా?

రేణిగుంట_రైలు
బాగున్నా అమ్మా. ఉద్యోగం చేస్తున్నా, పెళ్లయింది. మందు వాడుతున్నా. మొదట ఇచ్చిన మందుకు బరువు పెరిగాను, పగలంతా మగత. అది చెప్తే డాక్టర్ మార్చారు. నచ్చలేదని సొంతంగా ఆపకూడదు, అదొక్కటే గట్టిగా చెప్తాను.

తాతయ్యగుంట_వీధి
ఒక అనుమానం. మా మేనత్తకు ప్రతి ఏడాదీ గంగమ్మ జాతరలో పూనకం వస్తుంది. అమ్మవారి మాట వినిపిస్తుందంటుంది. మీ లెక్కన ఆమెకూ జబ్బేనా? నమ్మకాలన్నిటినీ జబ్బు ఖాతాలో వేస్తే ఒప్పుకోను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
@తాతయ్యగుంట_వీధి జబ్బు కాదండీ. నేను మానసిక వార్డులో నర్సుగా చాలాకాలం చేశాను. ఊరంతా నమ్మేది, జాతర వేళకు వచ్చేది, మర్నాడు మీ అత్త లేచి మామూలుగా వంట చేసుకునేది జబ్బు కిందికి రాదు. సైకియాట్రీ పుస్తకాలే ఈ మాట చెప్తాయి. డాక్టర్లు చూసేది వేరే. ఆ నమ్మకం ఆ మనిషి ఒక్కడిదేనా? దానివల్ల చదువు, పని, తిండి, నిద్ర దెబ్బతింటున్నాయా? ఆ మనిషి భయంతో నలిగిపోతున్నాడా?
ఆ బాబు విషయంలో నన్ను తొందరపెట్టేది ఏ ఒక్క లక్షణమో కాదు, మార్పు. కొన్ని నెలల కిందటి పిల్లవాడితో పోలిస్తే ఇప్పటివాడు వేరుగా ఉన్నాడు. ఆటలు వదిలేశాడు, నిద్ర లేదు, అనుమానం, శబ్దాలు, అన్నీ ఒకే కాలంలో వచ్చాయి. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో కారణం దొరుకుతుంది, అందుకే ఇళ్లలో నెలలు గడిచిపోతాయి.
ఇంకోటి. చచ్చిపోతానని అన్నా, ఫలానాది చెయ్యమని గొంతులు చెప్తున్నాయన్నా, తిండీ నీళ్లూ మానేసినా, ఎవరినైనా కొట్టబోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు, అదే గంటలో క్యాజువాల్టీకి. 108కి చేయండి.

మదనపల్లె_టమోటా
సరే, ఫోన్ మాట వదిలేస్తున్నా. ఇంకోటి అడుగుతా, ఏమనుకోవద్దు. గంజాయి ఏమైనా అలవాటుందేమో చూశారా? హాస్టళ్ల చుట్టూ ఇప్పుడు అది బాగా తిరుగుతోంది.

బాలాజీకాలనీ_అమ్మ
మావాడు అలాంటివాడు కాదు. దయచేసి అలా రాయకండి.

మెదడు_పీజీ
మేడమ్, బాధ కలిగినా ఆ ప్రశ్న అడగాల్సిందే. డాక్టర్ కూడా అడుగుతారు. చిన్న వయసులో మొదలుపెట్టి తరచుగా, ఘాటైన రకం వాడేవాళ్లలో సైకోసిస్ ముప్పు పెరుగుతుందని చాలా దేశాల్లో తేలింది. అది మంచి చెడ్డల విచారణ కాదు, చికిత్స దాన్నిబట్టి మారుతుంది. డాక్టర్ కాసేపు మిమ్మల్ని బయట కూర్చోబెట్టి బాబుతో ఒంటరిగా మాట్లాడతారు, అప్పుడు పిల్లలు చెప్తారు. గదిలో సోదాలు మాత్రం చేయకండి. అసలే ఎవరో గమనిస్తున్నారన్న భయంలో ఉన్నాడు.
ఇంట్లో ఎవరికైనా, మేనమామకో తాతకో, ఇలాంటి జబ్బు ఉందా అని కూడా అడుగుతారు. మామూలు జనంలో స్కిజోఫ్రీనియా సుమారు నూటికి ఒకరికి వస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్న పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి వస్తుంది. అంటే తొంభై మందికి రాదు.

గిరింపేట_టీచర్
నా దగ్గర చదివిన ఒక అమ్మాయి గురించి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు వద్దులే. క్లాసులో ముఖం మీద ఉలుకూ పలుకూ ఉండేది కాదు. జోకు వేస్తే నవ్వదు, తిడితే ఏడవదు. మొండిదని, పొగరని స్టాఫ్ రూమ్‌లో అనుకునేవాళ్లు. వైద్యం జరిగి తేరుకున్నాక నాతో అంది: "టీచర్, లోపల అన్నీ ఉండేవి. ముఖానికి రావడం లేదు, అంతే." అప్పటి నుంచి నిర్లిప్తంగా కనిపించే పిల్లల్ని పొగరుబోతులనడం మా స్కూల్లో నేను ఒప్పుకోవడం లేదు.

మెదడు_పీజీ
@గిరింపేట_టీచర్ ఆ అమ్మాయి చెప్పింది ప్రయోగాల్లోనూ తేలింది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకు భావోద్వేగాలు కలిగించే సినిమా ముక్కలు చూపించి ముఖాన్ని గమనించారు. ముఖంలో కదలిక తక్కువ. కానీ ఏమనిపించిందని అడిగితే మిగతావాళ్లకు ఎంత అనిపించిందో దాదాపు వీళ్లకూ అంతే అనిపించింది.

పలమనేరు_పాలు
మా చిన్నాన్న కొడుకును తమిళనాడులో ఒక చోటికి తీసుకుపోయారు. అక్కడ కాలికి గొలుసు వేసి ఉంచారు. నేను చూడటానికి పోతే మడమ దగ్గర చర్మం లేచిపోయి ఈగలు ముసురుతున్నాయి. మరిది మాట విని అలాంటి చోట్లకు మాత్రం పోవద్దు అక్కా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
2001 ఆగస్టులో రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఇలాగే గొలుసులతో కట్టి ఉంచినవాళ్లు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎవరినీ ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. మీ మరిదికి తాయెత్తు కడితేనే మనశ్శాంతి అంటే కట్టనివ్వండి, దానికోసం ఇంట్లో యుద్ధం వద్దు. తాయెత్తు కట్టుకుని కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. కొట్టడం, పస్తు పెట్టడం, పొగ వేయడం, కట్టేయడం, ఇవి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

బాలాజీకాలనీ_అమ్మ
ఎక్కడికి వెళ్లాలి? వెళ్తే రికార్డు ఉండిపోయి రేపు ఇంజనీరింగ్ సీటుకూ ఉద్యోగానికీ అడ్డమవుతుందని మా ఆయన భయం.

పుత్తూరు_కట్టు
తిరుపతిలోనే రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. పొద్దున్నే పోతే మంచిది, జనం ఎక్కువ.

గిరింపేట_టీచర్
చిత్తూరు వాళ్లం ఎక్కువగా వెల్లూరు వెళ్తాం, దగ్గర కదా. అక్కడి సీఎంసీ ఆసుపత్రి మానసిక వైద్యం ఊళ్లోని పెద్దాసుపత్రిలో కాదు, బాగాయంలో. అక్కడ చేర్చుకుంటే ఇంట్లోవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి, మొదటి నుంచీ వాళ్ల పద్ధతి అదే. దూరమైనా ఫర్వాలేదంటే బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి, చెన్నైలో 1984 నుంచి స్కిజోఫ్రీనియా మీదే పనిచేస్తున్న స్కార్ఫ్ అనే సంస్థ ఉన్నాయి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ముందు ఈ రాత్రే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. రికార్డు గురించి: మీవాడి జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలని ఆ 2017 చట్టమే చెప్తుంది. ఆసుపత్రి కాలేజీకి చెప్పదు. వైద్యం లేకుండా చదువు ఆగిపోతే సీటుకు అంతకంటే పెద్ద అడ్డం, ఆ మాట ఆయనకు మెల్లగా చెప్పండి.

రేణిగుంట_రైలు
అమ్మా, డాక్టర్ దగ్గరికి పోదామని ఎలా చెప్పాలో కూడా రాస్తాను. "నీకు పిచ్చి పట్టిందేమో చూపిద్దాం" అనొద్దు. అబద్ధం చెప్పి గుడికని బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోవద్దు, నన్నలాగే తీసుకెళ్లారు, ఆ తర్వాత ఏడాది ఇంట్లో ఎవరినీ నమ్మలేదు. మా అమ్మమ్మ ఒక్కతే సరిగా మాట్లాడింది. "వాళ్లు నిన్ను చూస్తున్నారో లేదో నాకు తెలీదు రా. నీకు భయంగా ఉంది, నిద్ర పట్టడం లేదు. అది నాకు కనిపిస్తోంది. దానికి మందు అడుగుదాం" అంది. వాదించలేదు, అవునని కూడా అనలేదు. ఆ మాటకే లేచి వెళ్లాను.

మెదడు_పీజీ
ఆ అమ్మమ్మకు దండం. దానికి ఇంకో మాట చేరుస్తాను. ఇంట్లో రోజూ ఎత్తిపొడుపులు, అరుపులు ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని దశాబ్దాలుగా తెలుసు. మార్కుల గురించి మాట్లాడటం కొన్నాళ్లు ఆపండి.

బాలాజీకాలనీ_అమ్మ
వెళ్లొచ్చాం. అమ్మమ్మ మాట దాదాపు అలాగే చెప్పాను, "సరే" అన్నాడు, నేను ఊహించలేదు. డాక్టర్ ముందు మాతో, తర్వాత వాడొక్కడితో చాలాసేపు మాట్లాడారు. థైరాయిడ్, బీ12, ఇంకా కొన్ని రక్త పరీక్షలు రాశారు. మూర్ఛ లాంటిదేమైనా ఉందేమోనని ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష. ఎంఆర్‌ఐ ఇప్పుడే వద్దన్నారు. పూర్తి సైకోసిస్ అనలేం, ముప్పు ఉన్న దశలా ఉంది, వాడికి ఇంకా "నేనే తప్పుగా అనుకుంటున్నానేమో" అన్న ఆలోచన ఉంది, అది మంచిదన్నారు. వారం వారం కౌన్సెలింగ్. నిద్రకు కొద్ది రోజులకు మాత్రం మందు. సైకోసిస్‌కు ఇచ్చే పెద్ద మందులు రాయలేదు. ఇది సరైనదేనా? మా ఆయన ఇప్పుడు అటు తిరిగి "మందు ఇవ్వకుండా పంపేశారేంటి" అంటున్నారు.

మెదడు_పీజీ
సరైనదే మేడమ్. ఈ ముప్పు దశలో ఉన్నవాళ్లలో మూడేళ్లలో పూర్తి సైకోసిస్‌కు వెళ్లేది సుమారు నాలుగో వంతు. ఎక్కువమంది వెళ్లరు. అందుకే బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా ఈ దశలో సైకోసిస్ రాకుండా ఆపడానికని మందులు ఇవ్వవద్దు, ఆలోచనల మీద పనిచేసే కౌన్సెలింగ్ ఇవ్వండి అంటాయి. 1990ల్లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పాట్రిక్ మెక్‌గోరీ బృందం ఇలాంటి పిల్లలకోసమే ప్రత్యేకంగా క్లినిక్ పెట్టింది, ఈ పద్ధతికి అక్కడి నుంచే దారి పడింది. కాకపోతే ఒక్క విజిట్ కూడా మానకండి. లక్షణాలు ముదిరితే వెంటనే మందు మొదలుపెట్టాలి, ఆలస్యమయ్యే కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. కౌన్సెలింగ్ అంటే ఊరికే కబుర్లు కాదని సార్‌కి చెప్పండి. ఆంటీ చూపుకు కోపం తప్ప ఇంకేం కారణాలు ఉండొచ్చో వాడిచేతే వెతికిస్తారు.

మదనపల్లె_టమోటా
అక్కా, బాబు త్వరగా కోలుకోవాలి. మదనపల్లె వైపు వస్తే మా తోటకు తీసుకురండి, పిల్లోడికి గాలి మార్పుగా ఉంటుంది. ఫోన్ తెచ్చుకున్నా ఏమీ అనను.

బాలాజీకాలనీ_అమ్మ
తప్పకుండా వస్తాం. కాలేజీకి ఏం చెప్పాలో చెప్పండి. హాస్టల్ నుంచి రోజూ ఫోన్లు, ఎందుకు రాలేదని.

గిరింపేట_టీచర్
ఆరోగ్యం బాగాలేదు, డాక్టర్ విశ్రాంతి చెప్పారు, అంతవరకే. మెడికల్ సర్టిఫికెట్ మీద ఏం రాయాలో డాక్టర్‌నే అడగండి, జబ్బు పేరు లేకుండా కూడా రాస్తారు. పరీక్షలు రాయగలిగితే ఇంటి నుంచి వెళ్లి రాయనివ్వండి. లేకపోతే సప్లిమెంటరీలో రాస్తాడు.

కాణిపాకం_పిన్ని
ఈ చర్చంతా చదివి భయమేస్తోంది. మా అక్క కూతురికి 11 ఏళ్లు. నిద్ర పట్టబోయే ముందు ఎవరో పిలిచినట్టు ఉంటుందంటుంది. బాగా చదువుతుంది, ఆడుకుంటుంది, గొడవేమీ లేదు. మేమూ పరిగెత్తాలా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
@కాణిపాకం_పిన్ని కంగారు పడకండి. నిద్రలోకి జారుకునేటప్పుడు అలా వినిపించడం పెద్దవాళ్లకూ మామూలే. ఆ వయసు పిల్లల్లో లేనివి వినిపించడం, కనిపించడం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. అనేక అధ్యయనాలు కలిపి చూస్తే 9 నుంచి 12 ఏళ్ల వాళ్లలో సుమారు 17 శాతం, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లలో 7.5 శాతం. చాలామందికి వాటంతటవే పోతాయి. పాపను భయపెట్టకుండా అప్పుడప్పుడు అడుగుతూ ఉండండి. పగలు కూడా వినిపిస్తున్నా, దానికి భయపడుతున్నా, స్కూల్ మానేస్తానన్నా అప్పుడు చూపించండి. మిమ్మల్ని ఆ టెన్షన్ నిద్రపోనివ్వకపోతే 14416కి మీరు కూడా చేయొచ్చు, పిల్లల తరఫున అడిగేవాళ్లు చాలామంది ఉంటారు.

కాణిపాకం_పిన్ని
సరే అండీ. అక్కకు ఈ లింకు పంపిస్తున్నా.